పంచేవాడి సంగతేంటి?

అమ్మడూ,

మీ బాబాయ్‌కీ నీకూ మొన్న జరిగిన వాదనలో నేను నోరెత్తలేదు. "మనిషికి స్వార్థం ఎక్కువ, అందుకే కమ్యూనిజం కుదరదు" అని వాడు తేల్చేశాడు. నిజానికి ఆ మాట నాకూ రుచించదు. మరీ బద్ధకపు వాదన అది.

మనుషుల సంగతి మార్క్స్‌కి తెలియక కాదు. "శక్తి కొద్దీ పని, అవసరం కొద్దీ ప్రతిఫలం" అని 1875లో రాసినప్పుడే, అది మొదట్లోనే సాధ్యం కాదనీ, పాత సమాజపు మచ్చలు పోయేదాకా చేసిన పనిని బట్టే ఇవ్వాలనీ చెప్పాడు. మనుషులు మారతారని ఆయన లెక్క. ఆ లెక్క దగ్గరే పేచీ.

చైనాలో అన్హుయ్ ప్రాంతంలోని షియావోగాంగ్ అనే పల్లెలో 1978లో రాసుకున్న ఒక కాగితం ఉంది. అక్కడ కమ్యూన్ సేద్యం, అంటే సర్కారు ఆర్డరు మీద అందరూ ఉమ్మడిగా చేసేది. ఒళ్ళు వంచినా వంచకపోయినా దక్కేది ఇంచుమించు ఒకటే. పంటల్లేక జనం అడుక్కోవడానికి ఊళ్ళు పట్టిపోయేవాళ్ళు. చివరికి 18 మంది రైతులు రహస్యంగా చేరి, పొలాన్ని ఇంటింటికీ పంచుకుందామని రాసుకుని వేలిముద్రలు వేశారు. అప్పట్లో అది ప్రాణం మీదికి తెచ్చుకునే పనే. మరుసటి ఏడు ధాన్యం ఎన్నో రెట్లు పండింది.

మీ బాబాయ్ లాంటివాళ్ళు కథ ఇక్కడికి ఆపేస్తారు. కానీ అదే కాగితంలో ఇంకో మాట కూడా ఉంది: ఈ పనికి ఎవరైనా జైలుపాలైతే, వాళ్ళ పిల్లల్ని 18 ఏళ్ళు వచ్చేదాకా మిగతావాళ్ళు పెంచాలి. ఉమ్మడి పొలం వద్దన్న వేళ్ళే ఉమ్మడి పెంపకానికి ముద్ర వేశాయి. వీళ్ళని స్వార్థపరులందామా, కాదందామా?

పొలం ఉమ్మడి పైనుంచి వచ్చిన ఆర్డరు. పిల్లల పెంపకం ఒకరినొకరు ఎరిగినవాళ్ళు తమంతట తాము ఒప్పుకున్నది. హటరైట్లనే క్రైస్తవ శాఖవాళ్ళు కూడా అంతే. 16వ శతాబ్దంలో మొదలైన ఉమ్మడి ఆస్తి పద్ధతి మధ్యమధ్య తెగినా ఈనాటికీ నడుపుతున్నారు. కాలనీ 150 మంది దాకా పెరిగితే రెండుగా విడిపోతారు. ఇజ్రాయెల్‌లో కిబ్బుట్జ్‌లని ఉమ్మడి ఆస్తి పల్లెలున్నాయి. వాటిలో 1910 నాటి తొలి పల్లె డెగానియా మాత్రం 2007లో ఎవరి జీతం వారిదే అని ఓటేసింది. పోనీ, బలవంతం లేకుండా మొదలుపెట్టి, బలవంతం లేకుండానే మార్చుకున్నారు.

ఇక దేశం మొత్తానికి అంటావా? 150 మంది మధ్య మొహమాటం చేసే కాపలా, కోట్లమంది మధ్య ఫైళ్ళూ పోలీసులూ చేయాల్సి వస్తుంది. ఎవరి అవసరం ఎంతో తేల్చడానికి ఒక మనిషి కావాలి. సోవియట్ యూనియన్‌లో ఆ తేల్చే పార్టీ పెద్దలకి వేరే దుకాణాలు, వేరే ఆస్పత్రులు ఉండేవి. పనిదొంగ కంటే నాకు వీళ్ళంటేనే భయం. ఈ మాట అన్నది పెట్టుబడిదారులే కాదు. యుగోస్లావియాలో ఒకప్పుడు ఆ దేశాన్నేలిన టిటో పక్కన కూర్చున్న కమ్యూనిస్టు నాయకుడు మిలోవన్ జిలాస్, పార్టీ పెద్దలే కొత్త వర్గంగా తయారయ్యారని 1957లో పుస్తకం వేయించాడు. అప్పటికే జైల్లో ఉన్నాడు, దాంతో శిక్ష ఇంకా పెంచారు.

సోమరిని దారిలో పెట్టే ఉపాయాలు కమ్యూనిజం కావాలనే మీ స్నేహితులు చాలానే చెప్తారు. పంచేవాడే ముందు తన వాటా తీసేసుకుంటే, పోటీ పార్టీ, స్వతంత్రంగా ఉండే కోర్టు, అడిగే పత్రిక లేనిచోట వాణ్ణి దించేదెవరో వాళ్ళని అడిగి నాకు రాయి.

మీ నాన్న