గని మూసే ముందే నిధి కదలాలి

సంపాదకునికి,

సింగరేణి బొగ్గు తవ్వకాలు 1889లో ఇల్లందులోనే మొదలయ్యాయి. భూగర్భ గనులు మూతపడి కార్మికులు వేరే ఏరియాలకు బదిలీ అయ్యాక అక్కడి బజారు చిక్కిపోయింది. పైమట్టి తొలగించి బొగ్గు తవ్వే ఓపెన్‌కాస్ట్ గనులు ఆ లోటు పూడ్చలేదు. మట్టి తీసే పని కాంట్రాక్టు సంస్థలది. షావెళ్లు, డంపర్ల మీద కొద్దిమందే చాలు, వాళ్ల జీతాలూ పర్మినెంటు కార్మికుడి జీతానికి సాటిరావు.

ఇలాంటి ఊళ్లను ఆదుకోనిది డబ్బు లేక కాదు. బొగ్గు విలువ రూ.100 అయితే ప్రభుత్వానికి కట్టే రాయల్టీ రూ.14. పాత లీజుల్లో ఆ రాయల్టీకి 30 శాతం, అంటే రూ.4.20, అదనంగా గని ప్రభావిత ప్రాంతాల కోసం పెట్టిన జిల్లా ఖనిజ నిధికి జమవుతుంది. ఏటా రూ.10 కోట్లు, ఆపైన వచ్చే జిల్లాలు అందులో 10 శాతం దాకా దాచి, ఖనిజం అయిపోయిన చోట ఉపాధికి వాడుకోవచ్చని ఈ నిధిపై కేంద్రం ఇచ్చిన 2024 మార్గదర్శకాలు చెబుతున్నాయి. అసలు పట్టుకోవలసిన నిబంధన ఇదే! ఈ నిధితో సీసీ రోడ్డు వేస్తే పని కొన్ని నెలలే. వెల్డింగ్, హైడ్రాలిక్స్, సోలార్ నిర్వహణ నేర్పితే పిల్లలు ఊళ్లోనే నిలదొక్కుకుంటారు. గని ఆయుష్షు ప్లానులోనే ఉంటుంది కాబట్టి, మూతకు ఐదేళ్ల ముందే ఈ శిక్షణ మొదలుపెట్టాలి. షెడ్యూల్డ్ ప్రాంతాల్లో ఈ పనులకు గ్రామసభ ఆమోదం తప్పనిసరి. ఆ తీర్మానాన్నీ, ఖర్చు లెక్కనూ పంచాయతీ గోడ మీద అంటించాలని కలెక్టర్లను కోరుతున్నాం.

— బొగ్గు బెల్టు పాఠకులు, ఇల్లందు