ఆపద వస్తే ముందు ఎవరి తలుపు తట్టాలి?

అందరికీ నమస్కారం. వరదో భూకంపమో వచ్చి ఇళ్లు ఖాళీ చేయాల్సి వస్తే, మనలో వైకల్యం ఉన్నవాళ్ల సంగతి అప్పటికప్పుడు తేలదు. ఇప్పుడే మాట్లాడుకుందాం.

లిఫ్టు ఆగితే చక్రాల కుర్చీలో ఉన్నవాళ్లు పైనే చిక్కుకుపోతారు. బ్యాటరీ కుర్చీ ఒక్కటే వంద కిలోలు దాటొచ్చు, దాన్ని మెట్ల మీద మోయబోకండి. మనిషిని ఎలా దించాలో వాళ్లనే అడగండి, ఎక్కడ పట్టుకుంటే నొప్పో వాళ్లకే తెలుసు. వీలు కాగానే కుర్చీ కూడా తెచ్చివ్వండి. అది లేకపోతే శిబిరంలో వాళ్లు కదల్లేరు.

చూపు లేనివాళ్లను చెయ్యి పట్టి లాగొద్దు, మీ మోచెయ్యి అందించండి. వినిపించనివాళ్లకి సైరన్ చేరదు, మెసేజ్ పెట్టి, వాళ్ల ఇంటికీ వెళ్లి చెప్పండి. ఆక్సిజన్ మిషన్ వాడేవాళ్లకి కరెంటు పోవడమే గండం, అందరికంటే ముందు అక్కడికి.

2006 నాటి ఐక్యరాజ్యసమితి వికలాంగుల హక్కుల ఒప్పందం, 11వ అధికరణంలో, విపత్తుల్లో వీళ్ల రక్షణ ప్రభుత్వాల బాధ్యత అంటుంది. నిజమే, కానీ మొదటి గంటలో అందుబాటులో ఉండేది పక్కింటివాళ్లే.

సాయం కావాల్సినవాళ్లు వివరాలు గ్రూపులో పెట్టకుండా నాకు విడిగా రాయండి. అలాంటి ఒక్కో ఇంటికి సాయం చేసేవాళ్లు ఇద్దరు కావాలి, ఒకరు ఊళ్లో లేకపోయినా ఇంకొకరు ఉండాలి కదా. వచ్చేవాళ్లు పేరు చెప్పండి.