తలుపుకి రెండో తాళం పడకముందే...

సంపాదకుల వారికి,

హైదరాబాద్‌లో పేదల ఇంటి గురించి మాటొస్తే డబుల్ బెడ్‌రూమ్ ఇల్లు, లేదంటే నైట్ షెల్టర్. ఈ రెండింటి మీదే చర్చ తిరుగుతుంది. కొల్లూరులో ఒకేచోట 15,660 ఇళ్లు కట్టారు, సంతోషం. సొంత జాగా ఉన్నవారికి ఇందిరమ్మ పథకం ఐదు లక్షలు ఇస్తోంది, మంచిదే. అయితే బోరబండలోనో అడ్డగుట్టలోనో సింగిల్ రూమ్‌లో ఉంటూ ఐదో తారీఖుకి అద్దె కట్టలేకపోయిన అడ్డా కూలీకి వీటితో అక్కరకొచ్చేదేమీ లేదు. ఆయనకు కావలసింది కొద్ది వేలు, అదీ ఈ వారంలో. దానికంటూ ఒక పథకం లేదు.

గది చేజారే తీరు చూడండి. వానాకాలంలో డెంగీ వచ్చి పదిహేను రోజులు అడ్డా మీదికి పోలేదు. మొదటి నెల ఓనరు ‘సరే, అడ్వాన్సులో కట్ చేసుకుంటా’నంటాడు. రెండో నెలా అంతే. మూడో నెలకు అడ్వాన్సు ఒట్టిపోతుంది, కరెంటు బిల్లు పేరుకుంటుంది, తలుపుకి రెండో తాళం పడుతుంది. గ్యాస్ సిలిండరు, భార్య కుట్టుమిషను, మేస్త్రీ తాపీ, పిల్లల పుస్తకాలు అన్నీ లోపలే. పనిముట్టు లోపల ఉండిపోయాక అద్దె తెచ్చేదెక్కడ?

ఐదు వేల గది అనుకుంటే ఆ తాళం పడకముందు ఒక నెల అద్దె, బిల్లు కలిపి ఆరు వేలతో గండం గట్టెక్కేది. పడ్డాక కొత్త గదికి రెండు నెలల అడ్వాన్సు పది వేలు, మొదటి అద్దె ఐదు వేలు, బ్రోకరుకి సగం నెల, ట్రాలీ ఆటోకి వెయ్యి. పద్దెనిమిదిన్నర వేలు! పాత బాకీ తీర్చి సామాను విడిపించుకోవడం దీనికి అదనం.

చట్టం లేదా అంటే ఉంది. నెలవారీ అద్దెకున్నవారికి ఆస్తి బదిలీ చట్టం ప్రకారం 15 రోజుల నోటీసివ్వాలి. 1960 నాటి అద్దె నియంత్రణ చట్టం కింద కంట్రోలర్ ఉత్తర్వు లేనిదే ఖాళీ చేయించకూడదు. కాకపోతే 2005 సవరణతో కార్పొరేషన్లలో నెలకు 3,500 రూపాయలు దాటిన ఇళ్లు ఆ చట్టం పరిధిలోంచి తప్పుకున్నాయి. ఇవాళ నగరంలో అంతకు తక్కువకి గది ఎక్కడుందో టు-లెట్ బోర్డులు చూసినవారే చెప్పాలి.

అమెరికాలో 2009లో ఇలాంటివారి కోసమే 150 కోట్ల డాలర్లతో మూడేళ్ల కార్యక్రమం నడిపారు. తర్వాత అది స్థిరమైన నిబంధనలుగా కుదురుకుంది. పాత బాకీ ఆరు నెలల వరకూ ఒకేసారి తీరుస్తారు. అడ్వాన్సు రెండు నెలల అద్దెకు మించదు. మూడు నెలల వరకు ఇస్తే స్వల్పకాలిక సాయం. ఎంత పొడిగించినా మూడేళ్లలో 24 నెలలు దాటకూడదు. అద్దె డబ్బు నేరుగా ఓనరుకే వెళుతుంది. సాయం అందుకునేవారిని నెలకోసారైనా కార్యకర్త కలవాలి.

షికాగోలో ఇలాంటి సాయం కోసం ఫోన్ చేసినవారిపై జరిపిన అధ్యయనం 2016లో వెలువడింది. అక్కడ నిధులు ఒక రోజు ఉంటాయి, ఒక రోజు ఉండవు. లేని రోజున చేసినవారితో పోలిస్తే, నిధులున్న రోజున ఫోన్ చేసినవారు ఆరు నెలల్లో షెల్టర్‌కు చేరే అవకాశం 76 శాతం తక్కువ. అయితే నిధుల్లేని రోజున చేసినవారిలోనూ షెల్టర్‌కు వెళ్లింది వందకు ఇద్దరే. అంటే సాయం లేకున్నా ఎలాగో నెట్టుకొచ్చేవారే ఎక్కువ. ముందొచ్చినవారికి ముందు పద్ధతి పెడితే డబ్బు వారికే పోతుంది, చడీచప్పుడు లేకుండా ఫుట్‌పాత్ మీదికి వచ్చేవాడికి అందదు. ఇదివరకే ఒకసారి ఇల్లు పోగొట్టుకున్నవారు, పసిపిల్లలున్న ఒంటరి తల్లులు, ఆసుపత్రి నుంచి అప్పుడే బయటికొచ్చినవారు, ఊళ్లో తిరిగి వెళ్లే ఇల్లు లేనివారు ముందు వరుసలో ఉండాలి.

ఇక్కడ దీనికి కొత్త యంత్రాంగం అక్కర్లేదు. జీహెచ్‌ఎంసీ యూసీడీ (పట్టణ సామాజికాభివృద్ధి) విభాగానికి సర్కిళ్లలో కమ్యూనిటీ ఆర్గనైజర్లున్నారు, బస్తీల్లో మహిళా సంఘాలతో పనిచేసే ఆర్పీలు (రిసోర్స్ పర్సన్లు) ఉన్నారు. ఎవరి తలుపుకి తాళం పడబోతోందో మహిళా సంఘాలకు తెలిసినట్టు ఏ సర్వేకీ తెలియదు. కావలసిందల్లా సర్కిల్ స్థాయిలో చిన్న నిధి, మూడు పనిదినాల్లో నిర్ణయం. టు-లెట్ గది రెండు రోజులాగదు. ఫైలు నలభై రోజులు తిరిగితే ఇచ్చినా దండగే.

ఓనర్లతోనే అసలు చిక్కు. రసీదు రాయరు, అగ్రిమెంటు ఉండదు, ప్రభుత్వ డబ్బు ఖాతాలో పడితే ఇంటిపన్ను పెరుగుతుందని జంకుతారు. ఒక పేజీ ఒప్పందం, అందులో అద్దె ఎంతో, నోటీసు ఎన్ని రోజులో రాయించి, ఈ వివరాలు పన్ను విభాగానికి వెళ్లవని హామీ ఇస్తేనే ముందుకొస్తారు. కులం అడిగేవారు, ముస్లింలకు ఇవ్వమనేవారు, ఒంటరి మహిళను చూసి గది లేదనేవారు ఉంటారు. అందుకే అంగీకరించిన ఓనర్ల జాబితా ముందే చేతిలో ఉండాలి. అవసరం పడ్డాక వెతికితే దొరకదు.

ఇంకో పొరపాటు, నిలబెట్టుకోలేని గది ఇప్పించడం. కుటుంబ ఆదాయంలో అద్దె మూడో వంతుకు మించితే సాయం ఆగిన మర్నాడే కథ మొదటికొస్తుంది. మొదటి నెల మొత్తం, రెండో నెల మూడింట రెండొంతులు, మూడో నెల ఒక వంతు ఇస్తే సరిపోయే కుటుంబాలు చాలా ఉంటాయి. ఏళ్ల తరబడి రోడ్డు మీదున్నవారికి, మానసిక జబ్బుతోనో తాగుడుతోనో కూరుకుపోయినవారికి మాత్రం మూడు నెలల అద్దె చాలదు. ఈ పథకంతో వారినీ ఒడ్డెక్కిస్తామంటే అది మోసం.

షెల్టర్లు వద్దని కాదు. 2013లో మొదలైన జాతీయ పట్టణ జీవనోపాధి మిషన్ లక్ష జనాభాకు కనీసం వందమందికి, తలకు 50 చదరపు అడుగుల చొప్పున చోటుండాలంది. 2011 జనాభా లెక్క తీసుకున్నా జీహెచ్‌ఎంసీకి 6,700 పడకలు రావాలి. ఇప్పుడున్నవి దాని దరిదాపుల్లో లేవు. ఉన్నవాటిలోనూ వచ్చినవారి పేరు రాసుకునే రిజిస్టరే తప్ప, గది చూసుకుని వెళ్లినవారి లెక్క పెట్టే అలవాటు లేదు. ఆ రిజిస్టరులో ఇంకో గడి గీయించి, ఎవరు ఎప్పుడు ఏ గదికి మారారో, ఆరు నెలలకి అక్కడే ఉన్నారో లేదో రాయించమని కమిషనర్ గారిని కోరుతున్నాం. ఈ వానాకాలం ముగిసేలోపు ఒక్క సర్కిల్‌లోనైనా నిధి మొదలుపెట్టి చూడవచ్చు.

ఇట్లు,
నగర అద్దె ఇళ్ల సమస్యలపై పనిచేస్తున్న కొందరు,
హైదరాబాద్