విచారించకుండా వ్యాఖ్యానించడం కమిషన్ పని కాదు

సంపాదకులు గారికి నమస్కారం.

రాజకీయాల్లో తిరిగినవాళ్లను మానవ హక్కుల కమిషన్లలో కూర్చోబెట్టవచ్చా అని మన దగ్గర తరచూ వాదన నడుస్తుంటుంది. నేను 2006లో కెనడాలోని ఒంటారియో ప్రావిన్స్‌కు (మన రాష్ట్రం లాంటిది) వచ్చాను. ఇక్కడి కమిషన్‌ను 2005 చివరి నుంచి 2015 దాకా నడిపిన బార్బరా హాల్ ఉదంతం తెలుగు పాఠకులకు చెప్పాలనిపించి ఈ ఉత్తరం రాస్తున్నాను.

ఆవిడ న్యాయవాది. 1985లో టొరంటో సిటీ కౌన్సిల్‌కు గెలిచారు. 1994లో మేయరయ్యారు. స్వలింగ సంపర్కులు తమ హక్కుల కోసం చేసే ప్రైడ్ పరేడ్‌లో నడిచిన మొదటి టొరంటో మేయర్ ఆవిడే. కింగ్, స్పడైనా వీధుల చుట్టుపక్కల ఖాళీ పడిపోతున్న పాత బట్టల ఫ్యాక్టరీల్లో ఇళ్లు, ఆఫీసులు పెట్టుకోవడానికి వీలుగా నిబంధనలు మార్పించారు. ఈరోజు అక్కడ నడిచేవాళ్లకు అది ఒకప్పుడు కళ తప్పిన పేట అంటే నమ్మకం కుదరదు. ఆరు మున్సిపాలిటీలను కలిపి ఒకే మహానగరం చేస్తామని ప్రావిన్స్ ప్రభుత్వం అన్నప్పుడు ఎదురు నిలిచారు. 1997లో ఆ మహానగరానికి జరిగిన తొలి ఎన్నికల్లో మెల్ లాస్ట్‌మన్ చేతిలో ఓడిపోయారు. 2003లో మళ్లీ నిలబడి మూడో స్థానంలో ఆగిపోయారు. ఆ తర్వాత రెండేళ్లకు ప్రభుత్వం ఆవిడను ఒంటారియో మానవ హక్కుల కమిషన్‌కు చీఫ్ కమిషనర్‌ను చేసింది.

వివాదం 2008 ఏప్రిల్‌లో రాజుకుంది. మాక్లీన్స్ వారపత్రికలో వచ్చిన ఒక వ్యాసం ముస్లింల మీద ద్వేషం రేపేలా ఉందని కెనడియన్ ఇస్లామిక్ కాంగ్రెస్ ఫిర్యాదు చేసింది. పత్రికల్లో వచ్చే రాతలు ఒంటారియో హక్కుల చట్టం కిందకు రావు కాబట్టి ఫిర్యాదు తీసుకోలేమని కమిషన్ చెప్పింది. అక్కడితో ఆగితే సరిపోయేది. కానీ దాంతోపాటే ఆ రాతలు ఇస్లాం మీద విద్వేషాన్ని పెంచేవేనని తప్పుబడుతూ ఒక ప్రకటన కూడా ఇచ్చింది. పత్రికవాళ్లను పిలిచింది లేదు, వాళ్ల వాదన విన్నదీ లేదు. విచారించే అధికారం లేదని తనే చెప్పి, తప్పు మాత్రం తేల్చేసింది.

ఆ వ్యాసం నాకూ నచ్చలేదు. మా పక్కింట్లో ఉండే ముస్లిం కుటుంబం పిల్లలూ మా పిల్లలూ ఒకే స్కూలు బస్సెక్కేవాళ్లు. అలాంటి రాతలు వాళ్లను ఎలా గుచ్చుతాయో నాకు తెలుసు. అయినా కమిషన్ చేసింది పొరపాటే. అదే వ్యాసం మీద మరో ప్రావిన్స్ బ్రిటిష్ కొలంబియాలో, కోర్టులా తీర్పు చెప్పే మానవ హక్కుల ట్రిబ్యునల్ రెండు పక్షాల వాదనా విని, ఆ తర్వాతే ఫిర్యాదు కొట్టేసింది. 2009లో పత్రికల మీద వచ్చే ఫిర్యాదులు చూడటానికి, పత్రికలన్నీ తప్పనిసరిగా చేరాల్సిన జాతీయ ప్రెస్ కౌన్సిల్ ఒకటి ఉండాలని హాల్ గారి కమిషన్ సూచించేసరికి గొడవ ఇంకా పెరిగింది.

కౌన్సిలర్‌గా ఉన్న మనిషి వార్డులో ఏం జరిగినా వెంటనే నోరు విప్పాలి. విప్పకపోతే జనం ఊరుకోరు. కమిషనర్ కుర్చీలో కూర్చున్నాక ఆ అలవాటు పనికిరాదు.

అలాగని ఆవిడకు వినడం తెలియదనీ అనలేను. 2007లో టొరంటోకు ఉత్తరాన సిమ్కో సరస్సు దగ్గర చేపలు పట్టుకునే ఆసియా వాళ్లను నీళ్లలోకి తోసేస్తున్నారని వార్తలొచ్చాయి. ఒక రాత్రి కారును ట్రక్కుతో వెంటాడితే అది చెట్టును గుద్దుకుని ఒక కుర్రాడి తలకు తీవ్ర గాయమైంది. అప్పుడు కమిషన్ ముందుగా ఒక ఫోన్ లైన్ తెరిచింది. పోలీసులకు చెప్పుకోలేనివాళ్లు దానికి ఫోన్ చేసి చెప్పుకున్నారు. ఆ తర్వాతే పోలీసులతో, మున్సిపాలిటీలతో కూర్చుని ఎవరు ఏం చేయాలో మాట తీసుకుంది. దీని మీద కమిషన్ నివేదిక వచ్చింది 2008 మే నెలలో, అంటే పత్రిక గొడవకు సరిగ్గా నెల తర్వాత. చాలామందికి గుర్తున్నది మాత్రం ఆ గొడవే.

నా సంగతి కూడా చెప్పాలి. ఊళ్లో తొమ్మిదేళ్లు సివిల్ ఇంజనీరుగా చేసి వచ్చాను. ఒక కంపెనీ ఇంటర్వ్యూలో అవతలాయన నా కాగితాలు సగం తిరగేసి, ‘కెనడియన్ ఎక్స్‌పీరియన్స్ లేదా?’ అని అడిగి ఫైలు మూసేశాడు. నేను కట్టిన వంతెన ఫోటోలు సంచిలోనే ఉండిపోయాయి. పద్నాలుగు నెలలు గోడౌన్‌లో నైట్ షిఫ్ట్ చేశాను. ఇక్కడి తెలుగువాళ్లలో ఈ ప్రశ్న ఎదుర్కోనివాళ్లు తక్కువ. 2013 జులైలో హాల్ గారి కమిషన్ ఈ షరతు మీద ఒక విధాన పత్రం తెచ్చింది. అందరికీ గుడ్డిగా కెనడా అనుభవం ఉండాల్సిందేనంటే అది పైకే వివక్షగా కనిపిస్తుందనీ, ఆ ఉద్యోగానికి అది నిజంగా అవసరమని యజమానే రుజువు చేయాలనీ అందులో ఉంది. వలస వచ్చినవాళ్లనూ యజమానులనూ అడిగి తెలుసుకున్నాకే దాన్ని రాశారు. 2024లో ప్రభుత్వం దీనికి చట్టం చేసింది. ఇరవై అయిదు మందికి తగ్గకుండా సిబ్బంది ఉన్న సంస్థలు 2026 జనవరి 1 నుంచి ఉద్యోగ ప్రకటనల్లో ఆ షరతు పెట్టకూడదు. నాకైతే ఆలస్యమైంది. నా తర్వాత వచ్చినవాళ్లకు అక్కరకొస్తుంది.

2008 జూన్ ఆఖరు నుంచి ఒంటారియోలో ఎవరి ఫిర్యాదైనా కమిషన్‌కు కాక నేరుగా ఇక్కడి మానవ హక్కుల ట్రిబ్యునల్‌కే వెళ్తుంది. కమిషన్‌కు మిగిలింది ప్రధానంగా పరిశీలన, విధానాల రూపకల్పన. దాని బలమంతా దాని మాట మీద జనానికున్న నమ్మకమే. అందుకే ఆ ఏప్రిల్ ప్రకటన నన్ను ఇప్పటికీ బాధపెడుతుంది.

ఇప్పుడు మన ఇంటి విషయం. కుల వివక్ష కూడా హక్కుల చట్టం కిందకు వస్తుందని ఇదే కమిషన్ 2023 అక్టోబర్‌లో ప్రకటించింది. దాని మీద మనవాళ్లు రెండుగా చీలి వాదించుకుంటున్నారు. సంక్రాంతి భోజనాల దగ్గర పక్కన కూర్చున్న పెద్దమనిషి ఒక కుర్రాణ్ని ఇంటిపేరు అడిగి, ఊరడిగి, చివరికి ‘ఊళ్లో మీ ఇల్లు ఏ వైపు బాబూ?’ అని అడగడం నేను విన్నాను. ఆ కుర్రాడు చేతిలో ముద్ద అలాగే పట్టుకుని తలొంచుకున్నాడు. అలాంటివాళ్లు చెప్పేదీ వినాలి, ఈ ప్రకటన మన సమాజం మీద మచ్చ వేస్తుందని భయపడుతున్నవాళ్లు చెప్పేదీ వినాలి. సిమ్కో సరస్సు కోసం తెరిచినట్టే దీనికీ ఒక ఫోన్ లైన్ తెరవమని కమిషన్‌కు రాశాను. అందులో తెలుగులో మాట్లాడేవాళ్లను కూడా పెట్టమన్నాను. ఇక్కడి మన సంఘాల పెద్దలు కూడా ఆ మాటే రాయాలని మీ పత్రిక ద్వారా కోరుతున్నాను.

ఇట్లు,
ఒక పాఠకుడు, మిస్సిసాగా, ఒంటారియో