కిటికీ పైన ఆ సందు మూయకండి

సంపాదకుల వారికి,

ఇల్లు కట్టుకునేవాళ్ల కోసం మీరు వేసే పేజీ నేను వదలకుండా చదువుతాను. గోడల బయట ఫైబర్ సిమెంట్ పలకలు, అంటే సిమెంట్‌లో నార కలిపి చేసే పలకలు, బిగించుకోవడం గురించి వచ్చినప్పుడల్లా చెదలు పట్టవనీ, నిప్పు అంటుకోదనీ, చూడ్డానికి చెక్కలాగే ఉంటాయనీ రాస్తారు. నిజమే, కాదనను. కిటికీల దగ్గరికొచ్చేసరికి మాత్రం "సందులన్నీ సీలెంట్‌తో నింపాలి" అని ఒక్క ముక్కలో తేల్చేస్తున్నారు (సీలెంట్ అంటే గన్నుతో పిండి సందులు మూసే జిగురు లాంటి పేస్టు). మా కొంప ముంచింది ఆ ఒక్క ముక్కే, అందుకే ఈ ఉత్తరం.

పలకలు బిగించాక రెండో వానాకాలంలో ఒక కిటికీ కింది మూలన లోపలి గోడకి రంగు ఉబ్బింది, వేలితో నొక్కితే మెత్తగా లోపలికి దిగిపోయింది. బయటికెళ్లి చూస్తే వంక పెట్టడానికి లేదు, నాలుగు వైపులా సీలెంట్ స్కేలు పెట్టి గీసినట్టు ఉంది. బిగించినతన్ని పిలిస్తే గన్ను తెచ్చి ఆ గీత మీదే ఇంకో గీత లాగి వెళ్లాడు. తర్వాతి వానకి మరక ఇంకో జానెడు పెరిగింది. ఇక లాభం లేదని వేరే పనివాణ్ణి పిలిచి పైన రెండు వరసల పలకలు ఊడదీయిస్తే అసలు సంగతి బయటపడింది. పలకల వెనక, గోడకి నీళ్లు అంటకుండా ఒక షీటు చుడతారు కదా, కిటికీ నెత్తిన నీళ్లు బయటికి జారడానికి పెట్టే రేకు దాని కిందికి దూరాలి, దాన్ని తెచ్చి షీటు మీద అంటించేశారు. షీటు మీంచి జారిన ప్రతి చుక్కా తిన్నగా రేకు వెనక్కి, అక్కణ్ణించి ఫ్రేము పక్కగా కిందికి. పోనీ కింది నుంచైనా బయటికి పోదామంటే అక్కడ సీలెంట్ బిరడా.

పెంకుటిల్లు చూసినవాళ్లకి ఇది చెప్పనక్కర్లేదు. పై పెంకు కింది పెంకు మీదికి రావాలి, అంతేగానీ ఒక్క పెంకు తిరగబడినా ఇంట్లో గిన్నె పెట్టుకోవాల్సిందే. కిటికీ చుట్టూ లెక్క కూడా అదే. ముందు అడుగున బయటికి కాస్త వాలుగా వాటర్‌ప్రూఫ్ టేపు, దాని మీద కిటికీ, తర్వాత రెండు పక్కల టేపు కింది టేపు మీదికి వచ్చేలా, ఆ తర్వాత పైన. అన్నిటికంటే చివర, ముందే పైకి మడిచి పెట్టుకున్న షీటుని రేకు మీదికి దించి అంటించాలి. ఫ్రేము చుట్టూ రెక్క ఉండే కిటికీలైతే ఆ రెక్క వెనక పైనా పక్కలా సీలెంట్ పెడతారు, అడుగున పెట్టరు. మర్చిపోయి కాదు, ఎలాగోలా లోపలికొచ్చిన నీళ్లు పోవడానికి కావాలనే వదిలేస్తారు.

ఇక పలకల సంగతి. కిటికీ పక్కల అంచున బిగించే పట్టీకి, పలకకి మధ్య 3 మిల్లీమీటర్ల సందు వదిలి అందులో సీలెంట్ నింపాలి, ఇది సరే. పైన రేకుకి, దాని మీది పలకకి మధ్య 6 మిల్లీమీటర్లు వదలాలి, ఆ సందు తెరిచే ఉంచాలి. చూడ్డానికి పని సగంలో ఆపినట్టుంటుంది, ఒప్పుకుంటాను. ఓనరు వచ్చి "ఇదేంటి, ఇక్కడ మూయలేదు" అంటాడని భయపడి మూసేసే పనివాళ్లు కూడా ఉన్నారు, కాబట్టి తప్పు అంతా వాళ్ల మీదే వేయలేం. అన్నిటికీ సీలెంటే దిక్కనుకునేవాళ్లకి ఒక్క మాట: అది ఎండకి ఎండుతుంది, చీలుతుంది, కొన్నేళ్లకి తీసి మళ్లీ వేసుకోవాల్సిందే. వాలు, రేకు, షీటు అలా కాదు, నీళ్లు ఎటు జారతాయో అటే పంపుతాయి.

ఇంకోటి, ఫైబర్ సిమెంట్ కుళ్లదు గానీ నీళ్లు తాగుతుంది. కిటికీ కొలతకి కోసిన అంచులకి ప్రైమరో రంగో వేయకుండా బిగిస్తే తాగేది ఆ అంచులే, రంగు పెచ్చులు లేచేదీ అక్కడే. కోసేటప్పుడు లేచే దుమ్ములో సిలికా ఉంటుంది, ఊపిరితిత్తులకి చాలా చెడ్డది, మామూలు చేతిరుమాలు కట్టుకుంటే ఆగదు.

మీ పేజీలో ఇకనైనా ఈ మాట రాయండి: పలకలు మూయకముందే ప్రతి కిటికీకి నాలుగు మూలలా ఫోటోలు తీసి పెట్టుకోమని, ఆ దశలోనే పైపుతో నీళ్లు కొట్టి చూసుకోమని. కొట్టడం కూడా కింది నుంచి మొదలుపెట్టాలి, అడుగున ఒక పది నిమిషాలు, తర్వాత పక్కలు, చివర్న పైన. మొదటే పైనుంచి కొడితే నీళ్లు అంతటా కారతాయి, ఎక్కడ దిగుతున్నాయో తెలిసి చావదు.

మా కిటికీకి రేకు మార్చి, షీటు సరిచేసి, పలకలు మళ్లీ బిగించారు. అంతా అయ్యాక ఆ రెండో అతను నిచ్చెన మీంచే "పైన సందు కనబడుతోంది, ఏమనుకోరుగా?" అని అడిగాడు. దిగి రమ్మన్నాను, టీ తాగుదామని.

– ఒక పాఠకుడు