నువ్వడిగినదానికి జవాబు, బంగారం

చిన్నీ,

మొన్న ఆదివారం ఫోన్‌లో నువ్వు ఒక మాటడిగావు, "అమ్మా, చర్చి ఈ కెనడా ఆదివాసుల్ని అంత హింస పెట్టింది కదా, అదే చర్చిలో వాళ్ళ పక్కన కూర్చుని నువ్వెలా ప్రార్థన చేస్తావు, అసలు మనం వాళ్ళం కూడా కాదు కదా" అని. నాకప్పుడు వెంటనే ఏం చెప్పాలో తోచలేదు, డ్యూటీకి టైమైంది అని పెట్టేశాను. అది నిజమే కానీ పూర్తి నిజం కాదు. నాలుగు రోజులనుంచీ అదే తిరుగుతోంది బుర్రలో, అందుకే కూర్చుని రాస్తున్నా, కాస్త పెద్దదవుతుంది, ఓపిగ్గా చదువు.

మేం ఎడ్మంటన్ వచ్చిన కొత్తలో నాకు ప్రార్థన రాకుండా పోయింది తెలుసా. నీకెప్పుడూ చెప్పలేదు. చర్చికెళ్ళేదాన్ని, కూర్చునేదాన్ని, ఇంగ్లీషులో అందరితోపాటు పెదాలు కదిపేదాన్ని, కానీ లోపలికి ఏదీ దిగేది కాదు. మీ నాన్న నైట్ షిఫ్టులు, నువ్వు చిన్నపిల్లవి, బయట మైనస్ ముప్ఫై. జపమాల చేతిలో పట్టుకుంటే పూసలు లెక్కపెట్టడమే తప్ప ఇంకేం లేదు. చాలా ఏళ్ళు అలాగే గడిచాయి. ఆ టైములోనే నేను పనిచేసే వృద్ధుల హోంలోకి ఆ క్రీ అమ్మమ్మ వచ్చింది, క్రీ అంటే ఇక్కడి ఆదివాసుల్లో ఒక తెగ. నీకు గుర్తుందిగా, నీకు పూసల చెవిపోగులు కుట్టిచ్చింది, కోకమ్ అని పిలవమనేది. వాళ్ళ భాషలో కోకమ్ అంటే అమ్మమ్మే.

ఒకరోజు పొద్దున నేను గదిలోకి వెళ్ళేసరికి ఆవిడ స్మడ్జ్ చేసుకోడానికి రెడీ అవుతోంది, అంటే సేజ్ లాంటి ఆకు కాల్చి ఆ పొగతో శుద్ధి చేసుకుని ప్రార్థించడం. పొగ వస్తుంది కాబట్టి ముందుగానే చెప్పి ఆ గది అలారం ఆపించాలి, అదయ్యాక అగ్గిపుల్ల గీసింది కానీ చెయ్యి వణుకుతోంది, నన్ను ఆల్చిప్ప పట్టుకోమంది. సేజ్ ఆకు అంటుకుని, మంట ఆరిపోయి, తెల్లటి పొగ సన్నగా లేచింది. ఆవిడ కళ్ళజోడు తీసి పక్కన పెట్టి, రెండు చేతులతో ఆ పొగని నీళ్ళు తీసుకున్నట్టు తీసుకుని తల మీదికి, కళ్ళకి, చెవులకి, నోటికి, తర్వాత గుండె దగ్గరికి తెచ్చుకుంది. మంచి చూడాలని కళ్ళకి, మంచి వినాలని చెవులకి, మంచి మాట్లాడాలని నోటికి అని నాకు చెప్పింది. ఆ తర్వాత దిండు కింద నుంచి జపమాల తీసింది! నేను అలాగే నిలబడిపోయా. మా అమ్మమ్మ సాయంత్రం సాంబ్రాణి వేసి, ఇల్లంతా పొగ పట్టించి, పటం ముందు చాప వేసి మమ్మల్ని కూర్చోబెట్టేది, అదంతా ఒక్కసారి కళ్ళముందుకొచ్చింది. కీర్తనల్లో కూడా ప్రార్థన ధూపంలా పైకి వెళ్ళాలనే కదా ఉంటుంది. నేను ఆరోజు ఆ గదిలో మంగళవార్త జపం తెలుగులో చెప్పుకున్నా, ఎన్నేళ్ళ తర్వాతో, కళ్ళు తుడుచుకుంటూ.

ఇప్పుడు నువ్వడిగిన మాటకి వస్తా. ఆవిడ రెసిడెన్షియల్ స్కూల్లో పెరిగింది, ఆదివాసీ పిల్లల చేత వాళ్ళ భాషా పద్ధతులూ మాన్పించడానికి పెట్టిన హాస్టల్ బడి అది. ఆ స్కూళ్ళ గురించి నువ్వు క్లాసులో చదువుకున్నావు, సుమారు లక్షన్నర మంది పిల్లల్ని ఇళ్ళనుంచి తీసుకుపోయారు, చాలావాటిని నడిపింది మన కాథలిక్ వాళ్ళే, అది దాచాల్సిన పని లేదు, దాచకూడదు కూడా. వాళ్ళ భాష మాట్లాడితే కొట్టారు. బయటేమో 1885 నుంచి 1951 దాకా వాళ్ళ వేడుకలు కొన్నింటిని చట్టం పెట్టి మరీ ఆపేశారు. నేనూ ఆవిడని నీలాగే అడిగా, ఇంత జరిగాక జపమాల ఎలా పట్టుకుంటారు అని. ఆవిడేమందంటే, "ఇది స్కూలు వాళ్ళిచ్చింది కాదు. నన్ను తీసుకుపోకముందే మా కోకమ్ దగ్గర ఉండేది. పొద్దున బయటికెళ్ళి నేల మీద కానుకగా పొగాకు పెట్టి దండం పెట్టేది, రాత్రి జపమాల చెప్పేది, రెండూ ఒక్క ఆవిడే. స్కూలు నా దగ్గర రెండూ లాక్కుంది. నేను రెండూ తిరిగి తెచ్చుకున్నా."

ఇదే చిన్నీ నేను ఫోన్‌లో చెప్పలేకపోయింది. మనం చర్చి అంటే బిల్డింగూ ఫాదర్‌గార్లూ రోమూ అనుకుంటాం, ఆవిడకి అది వాళ్ళ అమ్మమ్మ ఒళ్ళో విన్న మాట. నాక్కూడా అంతే కదా. అలాగని అందరూ ఆవిడలాగే అనుకోవాలని లేదు, వాళ్ళ తమ్ముడు స్కూలు నుంచి వచ్చాక చచ్చేదాకా చర్చి గడప తొక్కలేదట, వేడి రాళ్ళ ఆవిరిలో కూర్చుని ప్రార్థించే వాళ్ళ స్వెట్ లాడ్జ్‌కే వెళ్ళేవాడు, ఆవిడ కూడా ఆయనతో వెళ్ళి కూర్చునేది, ఒక్కసారి కూడా చర్చికి రమ్మని అడగలేదు. ఆయన కోపం న్యాయమైన కోపం.

మనం వాళ్ళం కాదు అన్నావు చూడు, అది కరెక్టే. నేనూ మొదట్లో ఒక తప్పు చేశా, ఒక షాపులో సేజ్ కట్ట కొనుక్కొచ్చి ఇంట్లో వెలిగించా. ఆవిడకి సంతోషంగా చెబితే ఆవిడ కాసేపు మాట్లాడలేదు. తర్వాత మెల్లగా చెప్పింది, అది కోసేముందు నేలకి పొగాకు ఇచ్చి అడగాలి, ఎంత కావాలో అంతే కోయాలి, ఎవరు కోశారో ఎలా కోశారో తెలియని దాన్ని నీ ఇంట్లో ఎందుకు వెలిగించావు అని. పెద్దవాళ్ళని ప్రార్థన అడిగినా అంతే, ముందు పొగాకు చేతికివ్వాలి. అప్పట్నుంచి నేను ఇంట్లో సొంతంగా ఎప్పుడూ చెయ్యలేదు. పిలిస్తే వెళ్తా, ఆల్చిప్ప పట్టుకోమంటే పట్టుకుంటా. అతిథిగా ఉండటం తక్కువేం కాదమ్మా, నాకు ఈ దేశంలో నా చోటు అనిపించింది అక్కడే.

2018 జులైలో లాక్ సెయింట్ ఆన్ చెరువు దగ్గర పునీత అన్నమ్మ యాత్రకి వెళ్ళాం గుర్తుందా, నీకప్పుడు పన్నెండేళ్ళు, దోమలని గొడవ చేశావు. ఆ యాత్ర 1889 నుంచీ జరుగుతోంది, కానీ ఆ చెరువు దగ్గరికి వాళ్ళు అంతకు చాలా ముందునుంచే వేసవిలో చేరేవాళ్ళు, క్రీ వాళ్ళు దాన్ని ఆత్మ చెరువు అంటారు, నకోటా తెగ వాళ్ళు దేవుడి చెరువు అంటారు. గుణదల తిరునాళ్ళలాగే ఉంది నాకు, గుడారాలు, పిల్లలు, ముసలివాళ్ళు, మైకులో పాటలు. పునీత అన్నమ్మ అంటే వాళ్ళకెందుకంత ప్రాణమంటే ఆవిడ యేసుకి అమ్మమ్మ, యేసుకి కోకమ్. మన కోకమ్ చక్రాల కుర్చీని నేనూ ఇంకొకామె కలిసి నీళ్ళలోకి తోశాం, నాచు పచ్చగా చక్రాలకి చుట్టుకుంది, ఆవిడ వంగి దోసిలితో నీళ్ళు తీసుకుని ముందు నా మోకాళ్ళ మీద పోసింది. నా మోకాలి నొప్పి సంగతి ఆవిడకి నేను చెప్పనే లేదు.

2022లో పోప్ ఫ్రాన్సిస్ వచ్చి మాస్క్వాసిస్ అనే క్రీ వాళ్ళ ఊళ్ళో ఆ స్కూళ్ళ విషయంలో క్షమించమని అడిగినప్పుడు హోంలో టీవీ ముందు ఆవిడ పక్కనే ఉన్నా. నా చెయ్యి పట్టుకుంది, ఏం మాట్లాడలేదు. మర్నాడు ఆయన అదే చెరువు ఒడ్డున నాలుగు దిక్కులకీ సిలువ గుర్తు వేస్తుంటే మాత్రం, "ఆలస్యమైంది, అయినా వచ్చాడు" అంది.

పోయిన చలికాలం ఆవిడ పోయినప్పుడు నువ్వు పరీక్షల్లో ఉన్నావు. రాత్రంతా జాగారం చేశారు, క్రీ భాషలో పాటలు. తెల్లవారుజామున వాళ్ళ కూతురు నా దగ్గరకొచ్చి పది పూసలు నీ భాషలో చెప్పు, అమ్మకి ఇష్టం అంది. నేను "దేవ వరప్రసాదము చేత నిండిన మరియమ్మా వందనము" అని మొదలుపెట్టా, గొంతు రాలేదు మొదట. సగం దగ్గర ఆపగానే మిగతా సగం వాళ్ళు క్రీలో అందుకున్నారు. పదిసార్లూ అలాగే.

జులైలో ఆ చెరువు యాత్రకి సెలవు దొరుకుతుందేమో అడుగు. వాళ్ళ కూతురు మనకీ గుడారానికి చోటు ఉంచుతానంది, జూన్ లోపు చెప్పాలి. పొగాకు నేను తెస్తా, నువ్వు నీ చేత్తో ఇద్దువుగాని. ఆ చెవిపోగులు పెట్టుకురా.

అమ్మ