తాతగారి అన్న రంగం పోలేదు

డర్బన్

పూజ్యులైన పెదనాన్నకు నమస్కారాలు. ఉభయకుశలోపరి.

మొన్న ఫోన్లో చెప్పబోతే మీకు సరిగ్గా వినబడలేదు. అయినా ఇది ఫోన్లో తేలే సంగతి కాదు, అందుకే కాగితం మీద పెడుతున్నాను. మీ తాతగారి అన్న రంగం, అదే బర్మాలో రంగూన్, పోలేదు. దక్షిణాఫ్రికాలో నాటాల్ వచ్చాడు. అంటే నేనిప్పుడు ఉద్యోగం చేస్తున్న ఈ ఊరి రేవులోనే దిగాడు.

మన వైపు ఇల్లు విడిచిన ప్రతివాణ్ణీ రంగం పోయాడనే అంటారు. గోపాలపురం రేవు నుంచి బర్మాకి అంతమంది వెళ్ళారు మరి. ఇటు చెరకు తోటల్లో ఒప్పందపు కూలీలుగా వచ్చినవాళ్ళూ తక్కువేం కాదు. మొదటి ఓడ ‘ట్రూరో’ 342 మందితో మద్రాసు నుంచి బయల్దేరి 1860 నవంబరు 16న డర్బన్ చేరింది. 1911లో ఆ వలస ఆగేసరికి సుమారు 1,52,000 మంది వచ్చారు. మూడింట రెండు వంతులు మద్రాసు ఓడల్లోనే. ఒడిశా అని వెతికితే మనవాడు దొరకడు. 1936 దాకా గంజాం మద్రాసు వాళ్ళదే కదా.

ఓడ దిగిన ప్రతి మనిషికీ ఒక నంబరు వేసి చిట్టాలో ఎక్కించారు. పేరు, తండ్రి పేరు, వయసు, కులం, జిల్లా, తాలూకా, ఊరు, ఒంటి మీద గుర్తులు. ఇంటిపేరుకి గడే లేదు. ఊరి పేరు గుమస్తా చెవికి ఎలా వినబడితే అలా రాశాడు. పైకి చదువుకుంటే గానీ మన ఊరని తెలియదు. 1903, వయసు 24, గంజాం జిల్లా, పర్లాకిమిడి. తండ్రి పేరు గడిలో మీ నాన్నగారి పేరు! తాత పేరు మనవడికి పెట్టే అలవాటు మనింట్లో లేకపోతే నేనా పేజీ తిప్పేసేవాణ్ణి. గుర్తుల గడిలో ఎడమ మోచేతి మీద కాలిన మచ్చ అని ఉంది. బెల్లం వండే పెనం దగ్గర చెయ్యి కాల్చుకున్న పెద్దాయన కథ నాయనమ్మ ఎన్నిసార్లు చెప్పిందో మీకు తెలుసు.

పర్లాకిమిడి రాజావారి చిన్న రైలు నౌపడా దాకా నడవడం మొదలైంది 1900లో. ఆయన అదెక్కే పోయుంటాడని నా ఊహ. నౌపడాలో పెద్ద రైలు పట్టుకుంటే మద్రాసు, అక్కణ్ణుంచి ఓడ ఎక్కించేదాకా కూలీలని ఉంచే డిపో, ఆపైన ఓడ. అంతకు ముందు తరంలో అయితే ఇంత దూరం ఆలోచన పారిపోదామనుకున్నవాడికి కూడా వచ్చేది కాదేమో.

పారిపోవడం అని ఎందుకన్నానంటే, ఆయన తర్వాతి నంబరు ఒక ఆడమనిషిది. వయసు 20. ఊరు పాతపట్నం వైపుది, ఇప్పుడు ఆంధ్రలో ఉంది. కులం గడిలో ఆయనకి ఒకటి, ఆమెకి ఇంకొకటి. ఇద్దరినీ ఒకే తోటకి పంపారు. తర్వాత ఇక్కడి అధికారి దగ్గర పెళ్ళి రిజిస్టరు చేయించుకున్నారు. నాటాల్ ఓడల్లో వంద మంది మగవాళ్ళకి నలభై మంది ఆడవాళ్ళు ఉండాలని నియమం. ఏజెంట్లు ఆ లెక్క కోసం నానా తంటాలు పడేవారు. జంటగా వచ్చినవాళ్ళని ఎవరూ ఎదురు ప్రశ్న వేసి ఉండరు.

కూలీల ఏజెంటు మాయ చేసి పట్టుకుపోయాడని కదా మనింట్లో చెప్పుకుంటారు. అలా మోసపోయినవాళ్ళు వేలల్లో ఉన్నారు, కాదనను. ఈయన సంగతి మాత్రం వేరనిపిస్తోంది. ఆ రోజుల్లో ఆమెను వెంటబెట్టుకుని మన వీధిలోకి రాగలిగేవాడా? మీరే చెప్పండి. ఇంటిని మరిచిపోయినవాడని మూడు తరాలుగా తిడుతున్నాం. మరిచిపోయాడని నేననుకోను. తలుపు మూసింది మనవాళ్ళే.

అయిదేళ్ళ ఒప్పందం. నెలకి 10 షిల్లింగులు, ఏటా ఒక షిల్లింగు పెంపు, అయిదో ఏడు 14. తిండీ గుడిసే దొర ఇచ్చేవాడు. 1908లో గడువు తీరాక ఆయన ముందు మూడు దారులు. ఓడ టికెట్టు ఉచితం, ఇండియాకి పోవచ్చు. లేదా మళ్ళీ ఒప్పందం రాయాలి. రెండూ కాదంటే 1895 చట్టం కింద ఏటా మూడు పౌన్ల పన్ను కట్టాలి, అది నాలుగు నెలల జీతానికి పైమాటే. ఆడవాళ్ళకీ అదే పన్ను. మొగుడూ పెళ్ళాం కలిపి ఆరు పౌన్లు కట్టి ఏం తింటారు? ఆయన మళ్ళీ వేలిముద్ర వేశాడు. 1913లో గాంధీగారి వెనక వేల మంది పని మానేసి రోడ్డెక్కితే, మరుసటేడు ఆ పన్ను పోయింది. ఆ తర్వాతే ఆయన ఇక్కడే డర్బన్‌లో కేటో మేనర్ అనే చోట రెండెకరాలు కొని కూరగాయలు వేశాడు. ఆ నేల కూడా నిలవలేదు. 1950 నాటి చట్టంతో జాతిని బట్టి పేటలు విడదీసి, కొడుకుల కాలంలో వాళ్ళని ఊరి దక్షిణాన ఇండియన్లకి కేటాయించిన చాట్స్‌వర్త్‌కి తరిమారు.

ఆయన పోయాక ఆస్తి పంపకానికి తయారైన దస్త్రం పీటర్‌మారిట్స్‌బర్గ్ ఆర్కైవ్స్‌లో ఉంది. పుట్టిన చోటు, తల్లిదండ్రులు, భార్య, పిల్లలు, అన్నీ ఉన్నాయి. దాన్ని పట్టుకునే ఆయన మునిమనవరాలి ఇల్లు కనుక్కున్నాను. టీచరుగా రిటైరయింది, నాకు అక్క వరస. తెలుగు మాట్లాడలేదు గానీ రామభజన కూర్చుంటే నాకంటే ఎక్కువ పాటలు తప్పు లేకుండా పాడింది. మచ్చ సంగతి చెప్పగానే లోపలికెళ్ళి ఒక ఫొటో తెచ్చింది. పూర్తి చేతుల కోటు వేసుకుని కూర్చున్నాడు, మచ్చ కనబడదు. ముక్కు మాత్రం మీదే.

ఇప్పుడు మీతో పని. ఇనప్పెట్టెలో తనఖా విడుదల కాగితం ఒకటి ఉండాలి, 1911 నాటిది, తెలుగులో రాసింది. ఎడ్లు అమ్మి ఆ అప్పు తీర్చారని తాత అనేవాడు. ఎడ్లు అమ్మేస్తే ఆ ఏడు దుక్కి ఎలా దున్నారో ఆయనెప్పుడూ చెప్పలేదు. డబ్బు ఇక్కణ్ణుంచి వచ్చిందని రుజువు నా దగ్గర లేదు, అనుమానం మాత్రం ఉంది. కాగితం వెనక వైపు ఏమైనా రాసి ఉందేమో చూడండి. తమ్ముడి చేత రెండు వైపులా ఫొటో తీయించి పంపండి. ఒడియా పట్టాలు అక్కర్లేదు, అవన్నీ తర్వాతివి.

ఇంకో మాట. సంక్రాంతికి అక్క, ఆమె కొడుకు వస్తామంటున్నారు. ఆ కులం గడి సంగతి ఆమెకి ముందే తెలుసు, దాచాల్సిన పని లేదు. పెద్దల పేరున బట్టలు పెట్టేటప్పుడు ఈసారి ఇద్దరివీ అదనంగా పెట్టాలని నా కోరిక. ఆయనకి పంచె, ఆమెకి చీర. పురోహితుడు ఏమంటాడో చూద్దాం, మీరు గట్టిగా అంటే ఆయన మాత్రం ఏమంటాడు. వాళ్ళని లాడ్జిలో దింపుదామని మాత్రం అనకండి. మేడ మీద గది సున్నం వేయించండి, డబ్బు పంపుతున్నాను.

పెద్దమ్మకి నమస్కారాలు. మోకాలికి ఆ నూనె రాస్తోందా, మానేసిందా?

మీ
చిన్నోడు